బొబ్బట్లు మొదలు అరిసెల దాకా

బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. పసిబిడ్డ ఎదుగుదలను మన ఇళ్ళలో వంటిల్లే లెక్కగట్టేది. డాక్టర్ల చార్టులోనూ ఇంచుమించు ఈ మెట్లే ఉంటాయి. బొబ్బట్లకీ అరిసెలకీ మధ్య అన్ని నెలలు బిడ్డతో ఏం ఆడాలన్నదే అసలు ప్రశ్న. నర్సీపట్నంలోనైనా, నగరంలోనైనా ఈ మధ్య ఆ పని సెల్‌ఫోన్‌కి అప్పజెప్పేస్తున్నాం.

పుట్టిన కొత్తలో బిడ్డకు కాస్త స్పష్టంగా కనిపించేది 20, 30 సెంటీమీటర్ల దూరం వరకే. ఒళ్ళో పడుకున్న బిడ్డకు తల్లి ముఖం సరిగ్గా అంత దూరంలోనే ఉంటుంది. ఉయ్యాలకు ఎత్తుగా వేలాడదీసే రంగురంగుల బొమ్మలు అప్పటికి పెద్దవాళ్ళ ముచ్చటకే. కళ్ళలోకి చూసి రెండు మాటలు చెప్పి ఆగండి. రెండో నెల దాటాక ఆ ఖాళీలో బిడ్డ ఓ ‘ఉంగా’ కొడుతుంది. దానికి మీరు బదులివ్వాలి. సంభాషణ అనేది అక్కడే మొదలవుతుంది. చాలామంది గబగబా మాట్లాడేస్తారు గానీ బిడ్డ వంతు వచ్చేదాకా ఆగరు.

మామ్మలు కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటి మీద బోర్లా వేసి లాల పోస్తారు కదా, అదీ ఆటే. ఇంకా పాకని బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, రోజు మొత్తం మీద విడతలు విడతలుగా కనీసం అరగంట బోర్లా ఉండాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మెడ, భుజాలు గట్టిపడేది అలాగే. అలాగని మామ్మ చేసేవన్నీ మంచివని కాదు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం మానేయాల్సిందే.

ఇక అరచేతి ఆట. బిడ్డ చేతిలో పప్పూ నెయ్యీ కలిపినట్టు నటించి, ఒక్కో వేలికీ ఓ ముద్ద పంచి, రెండు వేళ్ళతో మోచేయి మీదుగా నడుచుకుంటూ పోయి చంకలో గిలిగింతలు పెడతాం. మొదట్లో బిడ్డ గిలిగింతకే నవ్వుతుంది. కొన్నాళ్ళకు వేళ్ళు మోచేయి దాటకముందే నవ్వేస్తుంది. రాబోయేదేమిటో ఊహించడం వచ్చేసిందన్నమాట! చెంగు చాటున ముఖం దాచుకునే ఆటా ఇలాంటిదే. కనపడనిది లేకుండా పోలేదని ఎనిమిదో నెల ప్రాంతంలో గట్టిగా తెలుస్తుంది. అప్పటినుంచి చెంగు లాగే పని బిడ్డే చేస్తుంది.

ఇవన్నీ కాలక్షేపమేనని కొట్టిపారేయకండి. 1986, 87లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లలపై శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ బృందం అధ్యయనం చేసింది. వాళ్ళలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళ పాటు వారం వారం వెళ్ళి, ఇంట్లో చేసుకున్న బొమ్మలతో ఎలా ఆడించాలో తల్లులకు చూపించారు. 20 ఏళ్ళ తర్వాత చూస్తే, ఆ ఆటలు అందిన పిల్లల సంపాదన అందనివాళ్ళకంటే 25 శాతం ఎక్కువగా ఉంది.

బొమ్మే కావాలంటే నర్సీపట్నం నుంచి కోటవురట్ల మీదుగా అడ్డరోడ్డు వైపు వెళ్ళండి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తిప్పుతూ లక్క అదిమితే, ఆ రాపిడి వేడికే రంగు కరిగి కర్రకు పట్టేస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి ప్రకృతి రంగులను అక్కడ తిరిగి నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. చేతికందింది నోట్లో పెట్టుకునే వయసుకు ఇంతకంటే ఏం కావాలి? అయినా ప్రకృతి రంగులేనా అని అడిగే కొనండి. కొనేది గిలకే అయి ఉండాలి. లక్కపిడతలు మాత్రం మూడేళ్ళు దాటాకే, చిన్న ముక్కలు గొంతుకు అడ్డం పడతాయి.

వాకర్ వద్దు. కెనడా 2004లోనే దాన్ని నిషేధించింది. బిడ్డ తన కాళ్ళ మీద తాను నిలబడి తోసుకునే మన మూడు చక్రాల బండి దానికంటే నయం, పక్కన పెద్దవాళ్ళుంటే. ఇక ఏడాది లోపు పిల్లలకు ఫోను తెర అసలే వద్దన్నదీ ప్రపంచ ఆరోగ్య సంస్థే. అన్నం తినిపించేటప్పుడు కూడా.

పుట్టిన దగ్గర్నుంచి మూడేళ్ళ దాకా ఆడించాల్సిన ఆటలతో కేంద్రం 2024లో ‘నవచేతన’ అనే ప్రణాళిక తెచ్చింది. మీ అంగన్‌వాడీలో దాని గురించి అడగండి. నాలుగు నెలలు నిండినా బిడ్డ చప్పుడుకు తల తిప్పకపోయినా, కదిలే బొమ్మ వెంట చూపు పోనివ్వకపోయినా, ఎనిమిది తొమ్మిది నెలలకూ కూర్చోలేకపోయినా ‘కొందరు గుంటలంతే’ అని ఊరుకోకండి. టీకా రోజున ఏఎన్‌ఎంకి చెప్పండి, లేదా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళి పిల్లల డాక్టరుకు చూపించండి.