పచ్చబొట్టు ఎందుకు చెరగదు?

గోరింటాకు పెట్టుకొన్న చేయి రెండు మూడు వారాలలో మామూలు రంగుకు వస్తున్నది. నుదుటి కుంకుమ నీళ్ళు తగలగానే పోతున్నది. కాని చిన్నతనంలో ముంజేతిమీద పొడిపించుకొన్న పచ్చబొట్టు, ఆ చేయి ముడుతలుపడిన తరువాత కూడ కనిపిస్తూనే వుంటుంది. మూడూ శరీరానికి చేసే అలంకారాలే. మొదటి రెండింటికి లేని స్థిరత్వం మూడవదానికి ఎట్లా వచ్చింది? మరొక వింత: ఈ బొట్టుకు పూర్వం వాడినది నల్లని దీపపు మసి. నల్లని మసితో పొడిచినది పచ్చగా ఎందుకు కనిపిస్తుంది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు మన చర్మంలోనే వున్నది.

ప్రాచీనమైన కళ

శరీరాన్నే చిత్రఫలకంగా చేసుకోవడం మానవునికి క్రొత్త కాదు. 1991లో ఆల్ప్సు పర్వతాల మంచులో, సుమారు 5,300 సంవత్సరాల క్రిందట మరణించిన ఒక మనిషి కళేబరం దొరికింది. అతని చర్మంమీద 61 పచ్చబొట్టు గుర్తులు వున్నట్లు 2015లో లెక్కతేలింది. అవి చాలవరకు చిన్న చిన్న గీతలు. చెవితమ్మెలకు రంధ్రాలు కూడ వున్నవి. ఇంచుమించు అంత ప్రాచీనుడైన ఒక ఈజిప్టు మనిషి భుజంమీద అడవి ఎద్దు, కొమ్ముల గొర్రె బొమ్మలు వున్నవని 2018లో పరారుణ కిరణాల ఛాయాచిత్రాలు బయటపెట్టినవి.

న్యూజీలండులోని మావొరీ జాతివారు మొగంమీద మెలికలు తిరిగిన రేఖలను చెక్కించుకొంటారు. ఏ ఇద్దరి రేఖలు ఒకటిగా వుండవు. అందుచేతనే 1840లో ఆంగ్లేయులతో కుదిరిన సంధిపత్రంమీద కొందరు నాయకులు సంతకానికి బదులు తమ మొగంమీది చిత్రంలోని భాగాన్ని గీశారు. జపానులో వీపంతా ఒకే చిత్రంగా నింపే కళ వృద్ధి చెందింది. అక్కడి ప్రభుత్వం 1872లో దానిని నిషేధించగా, 1948లో ఆ నిషేధం తొలగింది.

మన తెలుగునాట ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి పచ్చబొట్లు పొడిచేవారు. మసిని నీటితోగాని ఆకుపసరుతోగాని నూరి, సూదులతో చర్మంలోనికి దించేవారు. చుక్కల ముగ్గులు, తేలు, ఆత్మీయుల పేర్లు వారు వేసిన చిత్రాలలో కొన్ని. లంబాడీ స్త్రీలలోను ఈ అలంకారం కనిపిస్తుంది.

బొట్టును పట్టివుంచే కణాలు

చర్మంలో ముఖ్యంగా రెండు పొరలు వున్నవి. పైపొర చాల పలుచనిది. శరీరంలో చాలచోట్ల దాని మందం మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే. ఇందులోని కణాలు అడుగున పుట్టి, క్రమంగా పైకి జరిగి, పొట్టువలె రాలిపోతూ వుంటాయి. గోరింటాకు రంగు ఈ పొరకే అంటుతుంది. కణాలు రాలినప్పుడు వాటితోపాటే రంగూ పోతుంది.

పచ్చబొట్టు సూది అంతటితో ఆగదు. పైపొరను దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున వున్న లోపలిపొరలో మసిని దించుతుంది. రక్తనాళాలు, నరాలు వుండే ఈ పొర, పైపొరవలె రాలిపోదు.

కాని కథ ఇంతటితో ముగియలేదు. మసి రేణువులు శరీరానికి పరాయి వస్తువులు. అవి ప్రవేశించగానే భక్షక కణాలు వచ్చి వాటిని మ్రింగుతాయి. సూక్ష్మజీవులనైతే ఇవి జీర్ణించుకోగలవు. ఈ రక్షణ విధానాన్ని కనుగొన్న మెచ్నికోఫ్‌కు 1908లో నోబెల్ బహుమతి లభించింది. అయితే మసిలోని కర్బనం జీర్ణం కాదు. మ్రింగిన కణం దానిని కడుపులో పెట్టుకొని అక్కడే వుండిపోతుంది.

మరి ఆ కణం చనిపోతే? ఫ్రాన్సులోని మార్సెయ్ నగర శాస్త్రజ్ఞులు ఎలుకలమీద పరిశోధించి 2018లో దీనికి సమాధానం ప్రకటించారు. భక్షక కణం చనిపోయినప్పుడు రంగు రేణువులు బయటపడతాయి. వాటిని క్రొత్తగా వచ్చిన మరొక భక్షక కణం అక్కడే మ్రింగుతుంది. ఈ విధంగా ఒకరి చేతిలోని దీపాన్ని మరొకరు అందుకొన్నట్లు, కణాలు మారుతున్నా బొట్టు నిలిచివుంటుంది. శరీరం తన్ను తాను కాపాడుకొనే ప్రయత్నమే ఈ చిత్రాన్ని కాపాడుతున్నదన్నమాట.

నలుపు పచ్చనయ్యే విధం

మసిమీద పడే వెలుతురు ముందు చర్మంగుండా పోవాలి. చర్మం నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టి వెనుకకు పంపుతుంది. ఎరుపుకాంతి లోతుకు పోయి మసిలో ఇంకిపోతుంది. కనుక మన కంటికి తిరిగివచ్చే వెలుతురులో నీలం పాలు హెచ్చు. దానికి చర్మపు సహజవర్ణం తోడై బొట్టు నీలిపచ్చగా తోస్తుంది.

దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చును. గాజుగ్లాసులో నీళ్ళుపోసి, నాలుగైదు చుక్కల పాలు కలిపి, వెనుక నల్లకాగితం వుంచి, ప్రక్కనుండి వెలుతురు పడేటట్లు చేయాలి. పాలనీరు లేత నీలిఛాయతో కనిపిస్తుంది.

చర్మాన్ని ఎరిగిన కళాకారుడే సమర్థుడు. ఏళ్ళు గడిచినకొద్దీ రేణువులు కొద్దిగా జరిగి, గీతలు లావెక్కుతాయి. మరీ దగ్గరగా వేసిన సన్నగీతలు కలిసిపోతాయి. చుక్కలకు, గీతలకు నడుమ ఎడముంచిన చిత్రం చిరకాలం స్పష్టంగా వుంటుంది.

చెవి కుట్టించడం

చెవులు, ముక్కు కుట్టించుకోవడంలో జరిగేది వేరు. ఇక్కడ చర్మం తానే దారి వేస్తుంది. రంధ్రంలో కమ్మగాని వేపపుల్లగాని వుంటే గాయం మూసుకోలేదు. రెండు వైపులనుండి పైపొర లోనికి పెరిగి, రంధ్రానికి గొట్టంవలె పూత ఏర్పడుతుంది. చెవితమ్మెలో ఇందుకు సుమారు ఆరు వారాలు పడుతుంది. చెవి పైభాగంలోని మృదులాస్థికి స్వంత రక్తనాళాలు లేవు. అందుచేత అక్కడి గాయం నెమ్మదిగా మానుతుంది. చీముపడితే చెవి ఆకారమే చెడవచ్చును. గిల్టునగలలోని నికెల్ కొందరికి దురదను, పుండును కలిగిస్తుంది.

అందానికి ముందు శుభ్రత

సూది చర్మాన్ని దాటినదంటే రక్తాన్ని తాకినట్లే. తిరునాళ్ళలో ఒకే సూదితో పలువురికి పొడవడం మిక్కిలి ప్రమాదకరం. హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, ఎచ్.ఐ.వి. ఈ విధంగా ఒకరినుండి మరొకరికి సోకవచ్చును. హెపటైటిస్-బి వైరస్ శరీరం వెలుపల ఏడు రోజులవరకు బ్రతికివుండగలదు. కనుక సూదిని తుడిచినంతమాత్రాన, నీటితో కడిగినంతమాత్రాన చాలదు. ప్రతివానికి క్రొత్తసూది, వేరే గిన్నెలో రంగు వుండాలి. తిరిగి వాడే పనిముట్లను ఒత్తిడి ఆవిరిలో 121 డిగ్రీల సెంటీగ్రేడువద్ద శుద్ధిచేయాలి. సంక్రమణ భయం వలననే, పొడిపించుకొన్న తరువాత కొంతకాలం రక్తదానానికి అనుమతించరు.

వేసిన బొట్టును తీయించుకోవడం అంత సులభం కాదు. లేసర్ కిరణాలు రేణువులను తునకలుచేస్తే, శరీరం వాటిలో కొన్నిటిని మెల్లగా తరలించుకొనిపోతుంది. దీనికి పలుమార్లు చికిత్స అవసరం. అన్ని రంగులు ఒకేవిధంగా పోవు, మచ్చ మిగలవచ్చును.

కాగితంమీది బొమ్మ నచ్చకపోతే చించివేయవచ్చును. గోడమీది బొమ్మకు సున్నం కొట్టవచ్చును. చర్మంమీది చిత్రాన్ని మాత్రం శరీరం ప్రాణమున్నంతకాలం ఒక కణంనుండి మరొక కణానికి అప్పగిస్తూనే వుంటుంది. అందుచేత పదిహేనేళ్ళ వయస్సులో ఒక పేరునుగాని బొమ్మనుగాని ఎన్నుకొనే విద్యార్థి, ఏభైయేళ్ళ తరువాతి తన చేతిని కూడ ఒకసారి ఊహించుకోవాలి.