పిక్కలోని రెండవ గుండె

శంషాబాదులో విమానమెక్కి, నాలుగు గంటలకు దుబాయిలో దిగి, అక్కడినుండి మరి పదునాలుగు గంటలు ఎగిరి న్యూయార్కు చేరు తల్లి, కూతురి పురుటికని ఎంత ఉత్సాహముతో బయలుదేరినను, దిగు వేళకు ఆమె పాదములు పొంగి, ఇంటివద్ద తొడిగిన చెప్పులలో ఇముడకపోవుట మనలో పెక్కుమంది ఎరిగినదే. దానికి ఆమె తన వయస్సును నిందించుకొనును. ఎదుర్కొన వచ్చిన అల్లుడు ఎకానమీ తరగతి ఇరుకును నిందించును. ఇరుకనుట నిజమే. కాని బాధకు మూలము సీటు వెడల్పులో కంటె, ఆ సీటులో గంటల తరబడి కదలక వ్రేలాడిన కాలిలో ఉన్నది.

గుండె నెత్తురును ధమనుల గుండా పాదములదాక నెట్టగలదు గాని, అచ్చటనుండి దానిని మరల పైకి తెచ్చు భారమును చాలవరకు మోయునది పిక్క. మనము అడుగు వేసినపుడెల్ల పిక్క కండరములు బిగిసి, తమ నడుమనున్న లోతు సిరలను పిండును. ఆ సిరలలో వరుసగా అమరిన సన్నని కవాటములు నెత్తురును పైకి పోనిచ్చునే గాని క్రిందికి జారనీయవు. కావుననే శరీరశాస్త్రజ్ఞులు పిక్కను రెండవ గుండె యందురు. కదలక నిలుచున్న మనిషి పాదసిరలలోని ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానము. అతడు కొన్ని అడుగులు నడచినంతనే అది ఇంచుమించు మూడవ వంతుకు దిగును. కూర్చున్నవానిలో ఈ రెండవ గుండె ఆగిపోవును. మోకాలు వంగియుండుటచేతను, సీటు అంచు తొడ అడుగుభాగమును నొక్కుటచేతను సిరల దారి మరింత సన్నగిల్లును. అంత నిలువయైన నెత్తురులోని నీరు సూక్ష్మనాళముల గోడలను దాటి చుట్టుపట్ల కణజాలములోనికి ఊరగా, పాదము వాచును.

వాపు ఒకటే అయినచో కాళ్లెత్తి పడుకొనిన రెండు రాత్రులలో తీసిపోవును. అంతకంటె గంభీరమైనది నెత్తురు గడ్డకట్టుట. ఆ గడ్డ సిరలోనుండి విడివడి ఊపిరితిత్తులకు చేరి అడ్డుపడినచో ప్రాణాపాయము. 1940లో లండను నగరముపై బాంబులు కురియుచుండగా, ఆశ్రయస్థానములలో రాత్రులన్నియు కాన్వాసు కుర్చీలయందే గడపినవారిలో ఇట్టి మరణములు పెరుగుటను కీత్ సింప్సన్ అను వైద్యుడు గుర్తించి ప్రకటించెను. 1954లో బోస్టను నగరపు శస్త్రవైద్యుడు జాన్ హోమన్స్, విమానములోనే గాక కారులోను, నాటకశాలలోను చిరకాలము కూర్చున్నవారికి సైతము కాలి లోతు సిరలలో గడ్డ ఏర్పడుటను వివరించెను. 1977లో ఈ వ్యాధికి ‘ఎకానమీ క్లాస్ సిండ్రోమ్’ అను పేరు వచ్చినది గాని, దోషము తరగతిది కాదు, నిశ్చలతది. బస్సులో, రైలులో, కారులో గంటల తరబడి కదలనివారికిని అదే ప్రమాదము కలదు. నాలుగు గంటలకు మించిన ప్రయాణము ఈ ప్రమాదమును సుమారు రెండింతలు చేయునని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చినది. ఐనను ఆరోగ్యవంతులలో అది ఆరువేల మందిలో ఒకరికి మాత్రమే సంభవించునని కూడ ఆ సంస్థయే చెప్పినది గనుక భయపడవలసినది లేదు, జాగ్రత్తపడిన చాలును.

ఇక విమానములోని గాలి సంగతి. విమానము ముప్పదియైదువేల అడుగుల ఎత్తున ఎగురునపుడు, లోపలి గాలిని యంత్రములు ఒత్తిడిచేసి నింపును. అయినను అది సముద్రతీరపు గాలివలె ఉండదు, ఎనిమిదివేల అడుగులకు మించని కొండమీది గాలివలె ఉండును. ఊటీకంటె కొంచెము ఎత్తైన చోట పగలంతయు కూర్చున్నట్లే యని తలపవలెను. అచ్చట మనకందు ప్రాణవాయువు నేలమీదిదానిలో ముప్పాతిక వంతు. కడుపులోని వాయువు మూడవ వంతు వ్యాకోచించును. కావున బయలుదేరుటకు ముందు శనగలు, చిక్కుళ్లు మితముగా భుజించుట మేలు. దిగునపుడు చెవులు దిబ్బడవేసినచో గుటక వేయుట, ఆవులించుట, ముక్కు మూసి మెల్లగా ఊదుట ఉపకరించును. గాలిలో తేమ నూటికి ఇరువది పాళ్లకు మించదు గనుక కన్నులు మండును, గొంతు ఎండును. కాని శరీరములోని నీరంతయు ఇగిరిపోవునను భయము అక్కరలేదు, దాహమైనపుడెల్ల త్రాగిన చాలును.

మరల కాళ్ల సంగతికి వచ్చినచో, సుఖోపాయములలో ముఖ్యమైనవి ఒక్క సూత్రమునుండి పుట్టినవే: రెండవ గుండెను నిద్రపోనీయరాదు. కూర్చున్నచోటనే మడమలను, మునివ్రేళ్లను మార్చి మార్చి ఎత్తుట, చీలమండలను చక్రమువలె త్రిప్పుట, గంటకొకసారి లేచి నడవలో నాలుగడుగులు వేయుట ఎవరికైనను సాధ్యమే. కాళ్లు చాచుకొను చోటిని సంచులతో నింపరాదు; నడుము వెనుక చిన్న దిండు నుంచవలెను; నిద్రమాత్రలు కదలికను చంపును గనుక వానిని వర్జించవలెను. గర్భవతులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, కాన్సరు రోగులు, మునుపు గడ్డకట్టిన చరిత్ర కలవారు, పాదమునుండి మోకాలివరకు బిగువుగా పట్టు మేజోళ్లనుగూర్చి ముందే తమ వైద్యుని అడుగవలెను.

అయినను మన తల్లులు ఈ మేలు పొందకపోవుటకు కారణము అజ్ఞానము కాదు, మొగమాటము. ప్రక్కన నిద్రించువారిని లేపుటకు సంకోచించి వారు లేవరు. లేవవలసివచ్చునని నీరు త్రాగరు. ఆ మర్యాదయే వారి పాలిటి సంకెల యగుచున్నది. ఆవకాయ సీసాలకు మూతలు బిగించి, సున్నుండల డబ్బాలు సర్ది పంపు శ్రద్ధలో కొంత ఇటు మరల్చి, ఆమెకు కిటికీ సీటు గాక నడవ ప్రక్కనున్న ఐల్ సీటు తీసి పెట్టి, “అమ్మా, గంటకొకసారి లే, ఎవరును తప్పుపట్టరు” అని నాలుగుమారులు చెప్పి పంపుదము. ఆ ఒక్క మాట ఆమె విన్నచో, న్యూయార్కులో దిగునపుడు ఆమె చెప్పులు ఆమె పాదములకు పట్టును.