నాన్న ఫోనెత్తితే... నెట్ ఆగిపోతోందా?

ఏప్రిల్, మే నెలలొస్తే నూజివీడు చుట్టుపక్కల ఏ మామిడి రైతు ఇంట చూసినా ఒకటే హడావుడి. చిన్నరసాలు ఎప్పుడు కోయించాలి, బంగినపల్లికి నున్న మార్కెట్లో ఏం ధర పలుకుతోంది, లారీ ఎన్నింటికొస్తుంది... ఫోను మోగుతూనే ఉంటుంది. అలాంటి ఓ ఇంటిని ఊహించుకోండి. హాల్లో నాన్న కార్డ్‌లెస్ ఫోను చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతూ బేరమాడుతున్నారు. పక్కగదిలో అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఇస్తోంది. రెండో ప్రశ్నకి జవాబు చెబుతుండగా తెరమీద బొమ్మ బిగుసుకుపోయింది. మాట ముక్కలైపోయింది.

'నాన్నా, నెట్ పోయింది!'

'ఉండమ్మా, రెండు నిమిషాలు. బేరం తెగేలా ఉంది.'

బేరం తెగింది. ఫోను పెట్టేశారు. నెట్ వచ్చేసింది. కానీ ఈలోపు ఇంటర్వ్యూ చేసేవాళ్లు వెళ్లిపోయారు!

ఇలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? కనెక్షనిచ్చిన కుర్రాణ్ని నాలుగు మాటలంటారు. లేదంటే నెలకు ఇంకో రెండొందలు ఎక్కువ కట్టి పెద్ద ప్లాను తీసుకుంటారు. అయినా మళ్లీ అదే తంతు. ఎందుకంటే తప్పు బయటి తీగలో లేదు... హాల్లోని బల్లమీదే ఉంది.

ఒకే పాకలో రెండు వేలంపాటలు

వై-ఫై రౌటరూ, చాలా రకాల కార్డ్‌లెస్ ఫోన్లూ ఒకే రేడియో తరంగాల పరిధిని వాడుకుంటాయి. అది 2.4 గిగాహెర్ట్జ్. తక్కువ శక్తితో పనిచేసే పరికరాలు ఈ పరిధిని లైసెన్సు లేకుండానే వాడుకోవచ్చని 2005 జనవరిలో కేంద్రప్రభుత్వం ప్రకటించింది. ఖర్చులేని దారి కదా, అందరూ అందులోకే వచ్చారు. బ్లూటూత్ అక్కడే, పసిపిల్లల్ని కనిపెట్టి ఉండే మానిటర్లు కొన్ని అక్కడే. వంటింట్లో మైక్రోవేవ్ ఒవెన్ కూడా దాదాపు ఆ తరంగాలతోనే కూర వేడిచేస్తుంది.

మార్కెట్లో ఒకే పాక కింద ఇద్దరు వేలంపాట మొదలుపెడితే ఏమవుతుంది? ఎవరి పాటా ఎవరికీ వినపడదు. ఇక్కడా అంతే. పైగా వై-ఫై మహా మర్యాదస్తురాలు. మాట్లాడేముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో వింటుంది. చప్పుడుంటే ఆగుతుంది. కార్డ్‌లెస్ ఫోనుకు వై-ఫై కోసం ఆగే అలవాటు లేదు. అది ఆపకుండా మాట్లాడుతుంటే ఇది ఆగి ఆగి పంపిన సమాచారాన్నే మళ్లీ పంపాల్సి వస్తుంది. మనకు మాత్రం 'నెట్ స్లో' అనిపిస్తుంది.

ముందు దొంగను పట్టుకోండి

ల్యాప్‌టాప్‌లో ఏదైనా వీడియో పెట్టి, కార్డ్‌లెస్‌లో ఎవరికైనా ఫోన్ చేయండి. వీడియో ఆగిందా? ఫోను పెట్టేసి, బేస్ అడాప్టరు కూడా ప్లగ్గులోంచి తీసేయండి. వీడియో సాఫీగా నడిస్తే దొంగ దొరికినట్టే. తేడా లేదంటే తప్పు మరెక్కడో ఉంది. అప్పుడు కనెక్షనిచ్చినవాళ్లకు ఫోన్ చేయొచ్చు.

ఇలా చేసి చూడండి

* రౌటరూ, ఫోను బేసూ ఒకే స్విచ్‌బోర్డు దగ్గర పక్కపక్కనే పెట్టడం చాలా ఇళ్లలో చేసే పొరపాటు. ఒకదాన్ని గదికి ఆ చివరకో, వేరే గదిలోకో మార్చండి. పైసా ఖర్చులేని మందు ఇదే.

* రౌటర్ సెట్టింగుల్లో ఛానెల్ మార్చే వీలుంటుంది. 1, 6, 11 ఛానెళ్లు ఒకదాని దారికి మరొకటి అడ్డురావు. ఒక్కోదాన్నీ ప్రయత్నించండి. చేతకాకపోతే కనెక్షనిచ్చినవాళ్లను అడగండి.

* ఈమధ్య వచ్చే చాలా రౌటర్లలో 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంటోంది. పేరు చివర '5జీ' అని కనిపించే వై-ఫై అదే. సెల్‌ఫోన్ 5జీకీ దీనికీ సంబంధం లేదు. ల్యాప్‌టాప్‌ని దానికి కలిపితే 2.4 ఫోను గొడవే ఉండదు.

* కొత్త కార్డ్‌లెస్ కొనేటప్పుడు డబ్బామీద 'డెక్ట్' అని ఉందేమో చూడండి. అది సుమారు 1.9 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. వై-ఫై జోలికి రాదు.

* ఇంటర్వ్యూ, పరీక్షల్లాంటివి ఉన్న రోజున రౌటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి నేరుగా కేబుల్ పెట్టేయండి. తీగలో వెళ్లే మాటకు గాలిలో గొడవ అంటదు.

ఛానెల్ మార్చినా తగ్గలేదా?

కొన్ని ఫోన్లు ఒకచోట కుదురుగా ఉండవు. సెకనుకు ఎన్నోసార్లు ఒక పౌనఃపున్యం నుంచి మరోదానికి గెంతుతుంటాయి. అలాంటప్పుడు మనం ఏ ఛానెల్‌కి వెళ్లినా అక్కడికీ వస్తాయి. ఈ గెంతులకో కథ ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, శత్రువులు టార్పెడోలను దారి మళ్లించకుండా ఉండేందుకు ఇలాంటి పద్ధతికి 1942లో పేటెంటు పొందిన ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ తార హెడీ లమార్! రెండోవారు సంగీత దర్శకుడు జార్జ్ ఆంథీల్. మీ ఇంట్లో అలాంటి ఫోనుంటే దూరంగా పెట్టడమో, 5 గిగాహెర్ట్జ్‌కి మారడమో తప్పదు.

తోటదాకా రాదు

5 గిగాహెర్ట్జ్‌తో ఒక చిక్కుంది. 2.4 అంత దూరం పోదు, గోడలు దాటడమూ దానికి కష్టమే. పాతకాలపు మందపాటి గోడలున్న ఇళ్లలో రెండో గదికే నీరసపడిపోవచ్చు. ఇంటి వెనక తోటలోని షెడ్డు సంగతి చెప్పక్కర్లేదు. ఆకుల్లోని నీరు ఈ తరంగాలను పీల్చేస్తుంది. గుబురుగా ఉన్న మామిడిచెట్లు వరసగా అడ్డుంటే 2.4 కూడా డీలాపడుతుంది. అందుకే దగ్గరుండే ల్యాప్‌టాప్‌కి 5, దూరంగా తిరిగే సెల్‌ఫోన్లకు 2.4... ఇలా పంచుకుంటే సరి.

రాష్ట్రంలో 2017 డిసెంబరులో ఫైబర్‌గ్రిడ్ ప్రారంభమైనప్పుడు ఇంటర్నెట్, టీవీ, ఫోను మూడూ ఒకే తీగమీద ఇంటికొస్తాయన్నారు. తీగలో ఆ మూడూ కలిసే వస్తాయి. పేచీ అంతా ఇంట్లోకొచ్చి, గాలిలోకి ఎక్కాకే. కాబట్టి ఈసారి నెట్ ఆగితే ప్లాను మార్చేముందు, బల్లమీది ఫోనును ఓ పదడుగులు జరిపి చూడండి. నాన్న బేరం నాన్నదీ, అమ్మాయి ఉద్యోగం అమ్మాయిదీ!