ట్రాక్టరు గొర్రును పొలమునకు సిద్ధపరచుట

తొలకరి వాన కురిసి నేల పదునునకు వచ్చినంతనే కృష్ణదేవిపేట పరిసర గ్రామములయందు సేద్యగాండ్రకు తీరిక యుండదు. మెట్టనేలలో పదును కొలది దినములకంటె నిలువదు. అది ఆరిపోవునేమో యను తొందరలో, ఏడాది పొడుగున సావిడిలో పడియున్న గొర్రును ఈడ్చి, ట్రాక్టరునకు తగిలించి, చూడకయే పొలమునకు తోలుకొనిపోవుదురు. ఆ తొందరవలన కలుగు నష్టము రెండు విధములు: ఒకటి పైరునకు, రెండవది మనుష్యునకు. మా విద్యార్థులలో పలువురు రైతుబిడ్డలు. సెలవు దినములలో తండ్రులకు చేదోడుగా నుండువారు. కావున ఈ విషయమును గూర్చి కొంత వివరింప దలచితిమి.

మన పూర్వుల గొర్రును పెక్కండ్రు చూచియే యుందురు. అడుగున రంధ్రములు గల కొయ్యగిన్నెకు జడ్డిగమని పేరు. దానినుండి వెదురు గొట్టములు కర్రుల వెనుకకు దిగును. ఒకరు ఎడ్లను తోలుచుండ, మరియొకరు గొర్రు వెంట నడచుచు పిడికిటినుండి గింజలను జడ్డిగములో విడుతురు. ఏ గొట్టమైన పూడినచో ఆ మనిషి కంటికి వెంటనే కనబడును. నేటి ట్రాక్టరు గొర్రులో వ్రేళ్ళు చేసిన పనిని నేలపై దొర్లు చక్రము చేయుచున్నది. అది తిరిగినప్పుడు గొలుసు తిరుగును. గొలుసు పెట్టెలోని పండ్లబిళ్ళలను త్రిప్పి గింజలను గొట్టములలోనికి జారవిడుచును. అయితే కన్ను చేసిన పనిని మాత్రము ఏ చక్రమును చేయజాలదు. ట్రాక్టరు నడుపువాని ముఖము ముందునకు, గొట్టములు వెనుకకు. కావున కన్ను చేయవలసిన పని పొలమునకు పోకముందే జరుగవలయును.

మొదట తగిలించుట. ఐర్లండు దేశస్థుడైన హ్యారీ ఫెర్గూసన్ కల్పించిన మూడు చేతుల అమరిక 1939లో ఫోర్డు ట్రాక్టరుతో వెలువడి, తరువాత లోకమంతట వ్యాపించెను. అంతకు పూర్వము వెనుక కట్టిన పనిముట్టు రాతికో వేరునకో తట్టుకొన్నచో ట్రాక్టరు ముందుభాగము పైకి లేచి, నడుపువానిమీదనే వెల్లకిల పడుట కలదు. ఈ అమరిక ఆ భయమును చాలవరకు తగ్గించెను. అయినను సరిగా తగిలించినప్పుడే ఆ మేలు దక్కును. బల్లపరుపు నేలమీద ట్రాక్టరును మెల్లగా వెనుకకు తేవలెను. ఆ సమయమున ట్రాక్టరునకు గొర్రునకు నడుమ ఎవ్వరును నిలువరాదు. ఇంజను నిలిపి, చేతిబ్రేకు వేసి, తాళపుచెవిని తీసిన పిమ్మట మొదట ఎడమ క్రింది చేయి, తరువాత కుడి క్రింది చేయి, కడపట పై చేయి బిగింపవలెను. ప్రతి మేకునకు అడ్డుపిన్ను పెట్టవలెను. దాని స్థానమున తీగ ముక్క చుట్టుట ప్రమాదకరము. పై చేతిని పొడిగించియు కుదించియు ముందువెనుకలను, కుడి చేతిని సవరించి ప్రక్కలను సమము చేయవలయును. లేనియెడల ఒక కర్రు లోతుగను, ఒకటి పైపైనను పోయి మొలక ఎగుడు దిగుడగును.

పిమ్మట శోధన. పెట్టెలలోని పాత గింజలను, గడ్డకట్టిన ఎరువును తీసివేయవలెను. ఎరువు తేమను పీల్చి ఇనుమును తినివేయును. గొట్టములలో పురుగులు కట్టిన మట్టిగూళ్ళుండవచ్చును. గొలుసునకు నూనె వేసి, కప్పును తిరిగి బిగింపవలెను. గొర్రు ఎత్తియుండగా క్రింద మొద్దులు పెట్టనిదే చేయి చొప్పింపరాదు. హైడ్రాలిక్ లిఫ్టు ఏ క్షణమున దిగునో చెప్పలేము.

ఇంజను ఆగినంత మాత్రమున అపాయము తొలగినదనుకొనరాదు. మేమెరిగిన యొక బాలుడు గొలుసును తుడుచుచుండగా, అన్న అది గమనింపక నేలచక్రమును చేతితో త్రిప్పెను. తమ్ముని చూపుడువ్రేలు పండ్లచక్రమున పడి నలిగెను. ఆ బాలుడు రెండు మాసములు ఎడమచేత వ్రాసెను. ఇద్దరు పనిచేయునప్పుడు "త్రిప్పుచున్నాను" అని ఒకడు చెప్పి, "త్రిప్పుము" అని రెండవవాడు పలికిన తరువాతనే చక్రము కదలవలయును.

ఇక విత్తనపు కొలత. ఇది మన తరగతి గణితమే. గొర్రునకు 9 కర్రులు, కర్రునకు కర్రునకు 20 సెంటీమీటర్ల దూరము ఉన్నచో వెడల్పు 1.8 మీటర్లు. నేలచక్రపు చుట్టుకొలత 1.5 మీటర్లనుకొందము. 30 చుట్లు తిరిగిన 45 మీటర్లు. విస్తీర్ణము 81 చదరపు మీటర్లు. ఎకరమునకు సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక ఇది ఎకరములో ఇంచుమించు ఏబదవ వంతు. ఎకరమునకు 20 కిలోల వరివిత్తనము వేయ నిశ్చయించినచో 30 చుట్లకు 400 గ్రాములు పడవలెను. ప్రతి గొట్టమునకు ఒక సంచి కట్టి, చక్రమునకు సుద్దగుర్తు పెట్టి 30 చుట్లు త్రిప్పి తూచుడు. ఒక్కొక్క సంచిలో సుమారు 44 గ్రాములుండవలెను. ఏ సంచి తేలికగా నున్నదో ఆ గొట్టము పూడినదని తెలియును. ఈ చిన్న లెక్కకు అరగంట చాలును. చేయనిచో పదిదినముల తరువాత చేనిలో బట్టతలవలె కనబడు ఖాళీసాళ్ళే లెక్క చెప్పును. అప్పటికి పదును ఉండదు.

పొలములో చక్రము జారుట గలదు గనుక అచ్చటను కొంతదూరము నడిపి, మన్ను తొలగించి గింజలను చూడవలెను. కర్రులు నేలలో నుండగా వెనుకకు నడిపినచో గొట్టములు మట్టితో పూడును; మలుపులందు గొర్రును ఎత్తియే త్రిప్పవలెను. గొర్రు ఎత్తినప్పుడు ట్రాక్టరు ముందుభాగము తేలికయగును గనుక కొండవాలు చేలలో మిక్కిలి మెల్లగా తిరుగవలెను. మందు పట్టించిన విత్తనమును ఒట్టిచేతులతో ముట్టరాదు. మిగిలినదానిని వంటకు గాని కోళ్ళకు గాని వేయరాదు.

చివరిమాట తలిదండ్రులకు. గొర్రు పలకమీద పిల్లవానిని నిలిపి "గింజలు పడుచున్నవో లేవో చూడుము" అనకుడు. ఒక్క కుదుపునకు వాడు కర్రుల క్రింద పడును. చూడవలసినదంతయు సావిడిలోనే చూచితిమేని, పొలములో వాని అక్కరయే యుండదు. జారిన పదును మరల వానతో రావచ్చును. పోయిన వ్రేలు రాదు.