అడవికి వెల కడితే అమ్మేసినట్టేనా?

పశ్చిమ బెంగాల్‌లో రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టే వ్యవహారంలో సుప్రీంకోర్టు నియమించిన నిపుణుల కమిటీ చెప్పిన ఒక లెక్క 2021లో బయటికొచ్చింది. చెట్టు వయసును 74,500 రూపాయలతో హెచ్చవేస్తే వచ్చేదే దాని విలువ. అందులో 45,000 ఒక్క ఆక్సిజన్‌దే. ఆ అంకె వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది, దానితోపాటు కొన్ని అపోహలూ.

అపోహ: చెట్టు విలువలో సింహభాగం ఆక్సిజన్‌దే.

గాలిలో దాదాపు 21 శాతం ఆక్సిజనే. కొరత లేని సరుకుకు ధర కడితే అంకె పెద్దదవుతుంది గానీ లెక్క సరైనదవదు. చెట్టు ఇచ్చే నీడ, నేలలోకి ఇంకించే వాన, కొట్టుకుపోకుండా ఆపే మట్టి ఊరూరికీ మారతాయి. అందుకే వాటిని కొలవడం కష్టం, నినాదంగా మార్చడం ఇంకా కష్టం.

అపోహ: ప్రకృతికి వెల కట్టడమంటే అమ్మకానికి పెట్టడమే.

న్యూయార్క్ సంగతి చూస్తే ఈ భయం చాలావరకు తీరుతుంది. ఆ నగరానికి తాగునీరు ఎక్కువగా క్యాట్స్‌కిల్ కొండల నుంచి వస్తుంది. 1990లలో ఆ నీటిని వడకట్టే ప్లాంటు కట్టాల్సిన పరిస్థితి వచ్చింది. కట్టడానికే 600 నుంచి 800 కోట్ల డాలర్లని అంచనా. నడిపే ఖర్చు ఏటా అదనం. కొండల్నే కాపాడుకుంటే అందులో చిన్న భాగంతో పని జరుగుతుందని తేలింది. 1997లో ఒప్పందం కుదిరింది. అమ్ముతామన్న వారి దగ్గర నగరం భూములు కొంది, పశువుల పేడ వాగుల్లో కలవకుండా రైతులకు సాయం చేసింది, పల్లెల్లో పాడైన సెప్టిక్ ట్యాంకులు బాగుచేయించింది. కొండలు ఎవరికీ అమ్ముడుపోలేదు. ప్లాంటు ఖర్చు ఎదురుగా ఉంది కాబట్టే, ఆ కొండలు నగరానికి ఎంత మిగులుస్తున్నాయో లెక్కకొచ్చింది.

అపోహ: పరిహారం కట్టేస్తే చెల్లుకు చెల్లు.

మన దేశంలో అటవీ భూమిని గనికో, రోడ్డుకో మళ్లిస్తే ‘నికర ప్రస్తుత విలువ’ కట్టాలి. అడవి రకాన్ని, చిక్కదనాన్ని బట్టి 2008లో హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయలుగా ఉన్న ఈ రేటు, 2022లో గరిష్ఠంగా 15.95 లక్షలకు చేరింది. కిటుకంతా ‘ప్రస్తుత’ అన్న మాటలో ఉంది. యాభై ఏళ్ల తర్వాత అడవి ఇచ్చే 100 రూపాయల లాభాన్ని ఏటా 4 శాతం చొప్పున తగ్గిస్తే నేటి విలువ 14 రూపాయలు. 10 శాతం చొప్పున తగ్గిస్తే 85 పైసలు! అడవి అదే, లెక్కలో శాతం మారిందంతే. మనవల వాటాకు ఎంత కోత పెట్టాలన్నది గణితం తేల్చే విషయం కాదు.

పైగా ఆ సొమ్ముతో వేరేచోట వరుసగా నాటే మొక్కలు పాత అడవికి సాటి రావడానికి దశాబ్దాలు పడుతుంది, అదీ బతికితే.

అపోహ: గనుల రాబడి అంటే ఆదాయమే.

కాదు, ఆస్తి అమ్మిన సొమ్ము. పసిఫిక్‌లోని నౌరు ద్వీపం 1970లలో ఫాస్ఫేట్ అమ్ముకుని తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే ముందు వరుసలో నిలిచింది. దాచిన నిధిని తప్పుడు పెట్టుబడులు మింగేశాయి, ఫాస్ఫేట్ అడుగంటింది, ద్వీపం చాలావరకు తవ్విన గుంతలతో మిగిలింది. విత్తనాల వడ్లు వండుకు తిన్నట్టయింది. నార్వే మాత్రం చమురు సొమ్ము కోసం 1990లో నిధి ఏర్పాటు చేసుకుంది. ఏటా అందులో సుమారు 3 శాతమే వాడుకోవాలన్నది ఇప్పుడక్కడి నియమం.

గోవా ఇనుప ఖనిజం అమ్మకపు విలువలో 10 శాతం శాశ్వత నిధిలో వేయాలని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడ్జెట్లలో మాత్రం గనుల మీద వచ్చే రాయల్టీ, సీనరేజీ ఇప్పటికీ పన్నేతర రాబడి పద్దులోనే కనిపిస్తాయి. ఆ రాబడి చేరేది రెవెన్యూ ఖాతాలోకే, జీతాలు, పింఛన్లు చెల్లించేదీ అందులోంచే.