ఫ్యాన్ చప్పుడుకు 192 ఎందుకు?

లాలాపేట్‌లో తెలిసినవాళ్ల రెండో అంతస్తు గది. ఉస్మానియాలో పీజీ చేస్తున్న కుర్రాడు ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మను కూచోబెట్టి బతుకమ్మ పాటలు రికార్డు చేయబోతున్నాడు. "అన్నా, శాంపిల్ రేటు 192 కిలోహెర్ట్జ్ పెడుతున్న. క్లారిటీ మస్తుంటది" అన్నాడు. నెత్తిమీద ఫ్యాన్ గరగరమంటోంది. "ఇగ పాడాల్నా బిడ్డా?" అని పెద్దమ్మ అప్పటికే రెండుసార్లు అడిగింది.

అపోహ: శాంపిల్ రేటు పెంచితే గొంతు స్పష్టంగా వస్తుంది.

సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తామో అదే శాంపిల్ రేటు. అందులో సగానికి లోపున్న పౌనఃపున్యాలన్నీ చెక్కుచెదరకుండా దొరుకుతాయి. 48,000 సార్లు కొలిస్తే 24,000 హెర్ట్జ్ లోపు. మన చెవి మహా అయితే 20,000 దాకా వింటుంది, నడివయసు దాటితే అదీ ఉండదు. 192లో అదనంగా దొరికేది గబ్బిలాలు వినే సరుకు. వాటి మీద పరిశోధన చేసేవాళ్లకు అది కావాల్సిందే, బతుకమ్మ పాటకు అక్కర్లేదు. పైగా ఒక్క మైకుతో 24 బిట్లలో గంటసేపు తీస్తే 48లో సుమారు 520 ఎంబీ అయ్యేది, 192లో రెండు జీబీలు దాటుతుంది.

అపోహ: డిజిటల్ ధ్వని మెట్లుమెట్లుగా ఉంటుంది.

తెరమీద పెద్దది చేసి చూస్తే మెట్లు కనిపించే మాట నిజమే. అది బొమ్మ గీసే తీరు, అంతే. ధ్వనిగా మార్చేటప్పుడు ఆ చుక్కల మీదుగా నునుపైన అలే వస్తుంది. శాంపిల్ రేటులో సగం అనే పరిమితికి లోబడి అన్ని చుక్కలనూ కలుపుతూ పోయే అల ఒక్కటే ఉంటుందని క్లాడ్ షానన్ 1949లోనే నిరూపించాడు. సీడీల 44,100 కూడా శాస్త్రం తేల్చిన మహిమగల అంకె కాదు. తొలినాళ్లలో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద దాచేవారు, ఆ టేపు గీతల లెక్కకు కుదిరిన అంకె అది.

అపోహ: 24 బిట్లంటే పాటలో ఎక్కువ వివరం.

ఒక్కో కొలతను ఎన్ని బిట్లలో రాస్తామన్నదే ఈ అంకె. మెల్లని ధ్వనికీ గట్టి ధ్వనికీ మధ్య పట్టే తేడా ఒక్కో బిట్‌కు సుమారు 6 డెసిబెల్స్. 16 బిట్లకు 96, 24కు కాగితం మీద 144. మంచి యంత్రాలు కూడా నిజానికి 120 దగ్గరే ఆగిపోతాయి. ఫ్యాన్ తిరిగే గదిలో నిశ్శబ్దమే 40 డెసిబెల్స్ ఉంటుంది, కాబట్టి ఆ గదికి 16 బిట్లే ఎక్కువ. మరి 24 ఎందుకంటే, భద్రత కోసం. పెద్దమ్మ పల్లవి మెల్లగా ఎత్తుకుని "ఉయ్యాలో" దగ్గర గొంతు విప్పుతుంది. లెవెల్ ముందే తగ్గించి పెట్టుకున్నా బుస పెరగకుండా కాచేది ఆ అదనపు బిట్లే. గొంతు పెరగడానికి పైన జాగా వదలకుండా లెవెల్ నిండుగా పెడితే మాత్రం 24 బిట్లలోనూ గొంతు పగులుతుంది.

బిట్లు వేరు, రేటు వేరు. తార్నాక నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ ఉంది కదా, అలాంటి సంస్థలు వాడే భూకంప నమోదు యంత్రాలు సాధారణంగా 24 బిట్లవి. కానీ సెకనుకు వంద సార్లు కొలిస్తే వాటికి చాలు. భూమి మెల్లగా ఊగుతుంది, ఆ ఊపు మాత్రం సూది మొన నుంచి కొండంత దాకా ఉండొచ్చు.

అపోహ: పాత ఎంపీ3ని 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలోకి మారిస్తే మెరుగవుతుంది.

విజయ డెయిరీ అరలీటరు ప్యాకెట్‌ను లీటరు గిన్నెలో పోస్తే పాలు లీటరు కావు.

ఆరోజు ఫ్యాన్ ఆపాం. కిటికీకి దుప్పటి కట్టాం. లాలాగూడ వైపు రైలు పోయేదాకా ఆగాం. ఒక్క పాటకే ముగ్గురం చెమటతో తడిసిపోయాం గానీ పెద్దమ్మ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఇంట్లో పెద్దవాళ్ల పాట దాచుకోవాలనుకుంటే మీరూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు పెట్టుకోండి, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. ముందు ఫ్యాన్ ఆపండి.