కన్ను తెరచిన పిమ్మట

మార్ఫిన్, హెరాయిన్, ఫెంటనిల్ వంటి నల్లమందు జాతి మందులు మితిమీరినచో ప్రాణము తీయునది శ్వాస మందగించుటయే. మనిషి పిలిచినను పలుకడు. కంటిపాపలు సూదిమొనలవలె కుంచించుకొనును. పెదవులు నీలివన్నె దాల్చును. మెదడులో ఆ మందు పట్టిన తావులనుండి దానిని త్రోసివేసి, శ్వాసను మరలించునది నాలోక్సోన్.

మన పిల్లలనేకులు చదువుకొనుచున్న అమెరికాలో, ముక్కులో చిమ్ము నాలోక్సోన్ 2023 నుండి వైద్యుని చీటి లేకయే లభించుచున్నది. దాని వాడుకను మనమును ఎరుగుట మేలు. తొలుత 911కు ఫోను చేయవలెను. రోగిని వెల్లకిల పరుండబెట్టి, ఒక ముక్కుపుటములో మందు చిమ్మి, నోటితో ఊపిరి నందింపవలెను. రెండు మూడు నిమిషములలో శ్వాస కుదురుకొననిచో రెండవ పుటములో మరల చిమ్మవలెను. ఊపిరి కుదిరినంతనే ప్రక్కకు ఒత్తిగిలజేయవలెను.

నాలోక్సోన్ బలము 30 నుండి 90 నిమిషములే. మత్తుమందు అంతకు మించి నిలువవచ్చును. కావున, కన్ను తెరచినాడు గదా యని, వైద్యసహాయము వచ్చుదాక మనమాతని విడిచి పోరాదు.